మాజులీ దీవి: వరదతో పాటు నేల కూడా పోతోంది

అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్య ఉన్న దీవి మాజులీలో మళ్ళీ గట్టు కూలిందని వార్త వస్తే మన కర్నూల్లో చాలామంది "ఏముందప్పా, మనం 2009లో చూడలేదా" అని పేజీ తిప్పేస్తారు. చూశాం, కాదనను. అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడితే జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. అయితే నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసుకుని, తడిసిన బియ్యం, పట్టా కాగితాలు ఎండలో ఆరబెట్టుకుని, అదే గడపలో మళ్ళీ కాపురం పెట్టారు. మాజులీలో వరద తగ్గాక తిరిగొస్తే గడప ఉన్న నేలే ఉండదు. అస్సాంలో ఇన్నేళ్ళ గొడవంతా దీని గురించే.

జోర్హాట్ దగ్గర నిమాతీ ఘాట్‌లో ఫెర్రీ ఎక్కితే చేరే దీవి ఇది. దక్షిణాన బ్రహ్మపుత్ర, ఉత్తరాన సుబన్‌సిరి, ఖేర్కుటియా పాయ. మొదటినుంచీ ఇట్లా లేదు. పూర్వం బ్రహ్మపుత్ర ఇప్పటి దీవికి ఉత్తరంగా పారేది, దిహింగ్ అనే నది దక్షిణంగా దాని వెంటే చాలా దూరం పోయి చివర్లో కలిసేది, రెంటి మధ్య సన్నగా పొడవుగా నేల. 17వ శతాబ్దంలో వరుసగా భూకంపాలు వచ్చాయి, 1750లో పదిహేను రోజులు వదలని వరద వచ్చిందంటారు, దాంతో బ్రహ్మపుత్ర దక్షిణానికి తెగి దిహింగ్ దారి పట్టింది. పాత దారి చిన్న పాయగా మిగిలింది.

అసలు టెన్షన్ మొదలైంది మాత్రం 1950 ఆగస్టు 15న. 8.6 తీవ్రతతో భూకంపం వచ్చి ఎగువన కొండలకు కొండలే జారాయి, ఆ మట్టి ఏళ్ళ తరబడి కిందికి కొట్టుకొచ్చి నది అడుగును పైకి లేపింది. అడుగు లేచిన నది లోతుకు పోలేక పక్కలకు తోసుకుంటుంది. దానికి తోడు 1954 తర్వాత వరద కట్టలు కట్టుకుంటూ పోయారు. పొలాల మీద పరుచుకోవాల్సిన ఒండ్రు నదిలోనే పేరుకుపోయి పరిస్థితి ఇంకా ముదిరిందని వాదించేవాళ్ళున్నారు, నాకూ ఆ వాదనలో పస ఉందనే అనిపిస్తుంది. అట్లని ఉన్న కట్టలు తీసేయమని ఎవరూ అనలేరు, వాటి వెనకే ఊళ్ళున్నాయి మరి.

గట్టు కూలే తీరు కూడా చెప్పుకోవాలి. అక్కడి మట్టిలో రాయి లేదు, అంతా ఇసుక, ఒండ్రు. వరదలో గట్టు లోపలిదాకా నీళ్ళు తాగుతుంది. నది మట్టం గబగబా దిగినప్పుడు ఆ నీళ్ళు ఇసుకను లాక్కుంటూ బయటికొస్తాయి, కింద డొల్ల అవుతుంది, పైన ముందు సన్నటి నెర్రె కనిపిస్తుంది, తర్వాత చెట్టుతో సహా ఒక పలక మొత్తం నదిలోకి ఒరుగుతుంది. అందుకే వరద తగ్గుతోంది అనే మాట మనకు ఊరట, గట్టు పక్కన ఉండేవాళ్ళకు భయం.

20వ శతాబ్దం మొదట్లో దీవి 1,250 చదరపు కిలోమీటర్లు ఉండేదని చెప్తారు. 2016లో గిన్నిస్ వాళ్ళు నదిలో అతిపెద్ద దీవి అని రాసినప్పుడు లెక్క 880. ఇసుక దిబ్బలు కలుపుకోకుండా కొలిచినవాళ్ళు ఇంకా తగ్గిస్తారు. బ్రెజిల్‌లో అరగువాయా నది రెండు పాయల మధ్య ఉన్న బననాల్ దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు, కాబట్టి 'ప్రపంచంలోనే పెద్దది' అనే బిరుదును మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

నేలతో పాటు పోయేవి వేరే ఉన్నాయి. 16వ శతాబ్దంలో అస్సాం వైష్ణవ గురువులు శంకరదేవుడు, మాధవదేవుడు కలుసుకున్నది ఇక్కడే, వాళ్ళ వైష్ణవం నుంచి పుట్టిన సత్రాలే మాజులీకి ప్రాణం. సత్రం అంటే మన శ్రీశైలంలో కులానికొకటి ఉండే అన్నదాన సత్రం అనుకునేరు, కాదు; ఇది మఠం, బడి, నాట్యశాల అన్నీ. ఔనియాటి సత్రం 1653 నాటిది. 2000లో శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు పొందిన సత్త్రియా ఈ సత్రాల్లోదే. సామగురి సత్రంలో మాస్కులు చేస్తారు: వెదురు బద్దలతో తల అల్లి, మట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, ఆరాక పేడ కలిపిన మట్టి పూసి, ముక్కూ కనుబొమలూ దిద్ది, రంగులేస్తారు, కొన్నిటికి దవడ కదులుతుంది, వేషగాడు మాట్లాడితే రావణుడే మాట్లాడినట్టుంటుంది. గట్టు కోతకు కొన్ని సత్రాలు దీవి వదిలి అవతలి ఒడ్డుకు పోయాయి.

మిసింగ్ తెగవాళ్ళు నదితో సర్దుకుపోయే ఇళ్ళు కట్టుకున్నారు, గుంజల మీద వెదురు ఇల్లు, కింద పందులూ కోళ్ళూ. వరదకు అది పనికొస్తుంది, గుంజ పాతిన నేలే జారితే ఏ ఇల్లయినా ఒకటే. సాల్మొరాలో కుమ్మరి ఆడవాళ్ళు చక్రం లేకుండా చేత్తోనే కుండలు చేస్తారు, మట్టి గట్టులో తవ్వేదే. అట్లా తవ్వితే కోత పెరుగుతుందని అధికారులు అడ్డు చెప్పారు. నదిని వదిలి కుండలు చేసేవాళ్ళ మీద పడటం నాకు సరిగా అనిపించలేదు.

2016లో మాజులీని జిల్లా చేశారు, నదీ దీవి ఒక జిల్లా కావడం దేశంలో అదే మొదలు. 2021 ఫిబ్రవరిలో జోర్హాట్ వైపు వంతెనకు భూమిపూజ అయింది. అదే ఏడు సెప్టెంబర్ 8న నిమాతీ ఘాట్ దగ్గర రెండు పడవలు గుద్దుకుని ఒకటి మునిగింది. వంతెన పనులు మాత్రం మధ్యలో ఒకసారి ఆగాయి.

మనవైపు శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981 ప్రాంతంలో ఊళ్ళు ఖాళీ చేయించారు. పరిహారం ఎంత, ఎవరికి అనే కొట్లాట ఏళ్ళు నడిచింది, కానీ అడగటానికి ఎదురుగా ప్రభుత్వం ఉంది, పోయిన భూమికి సర్వే నంబర్లున్నాయి, నీటిమట్టం దిగితే సంగమేశ్వరం గుడి కనిపిస్తుంది. మాజులీ రైతు ఎవర్ని అడగాలి? కేంద్రం విపత్తు సాయానికి గుర్తించిన జాబితాలో వరద ఉంది, వడగళ్ళున్నాయి, పంటకు పురుగు పట్టడం కూడా ఉంది, నది కోత లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి కోత నివారణకు 1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సూచించింది, అదీ దేశం మొత్తానికి. బ్రహ్మపుత్ర బోర్డు ఇసుక సంచులు, ముళ్ళకంపలాగా అడ్డదిడ్డంగా బిగించిన సిమెంటు కడ్డీల చట్రాలు వేసి కొన్నిచోట్ల కోత తగ్గించింది. జాబితాలో కోతను చేర్చాలని అస్సాం మాత్రం ఎప్పటినుంచో అడుగుతూనే ఉంది.