అడ్రినల్ రిపోర్టులో ‘పాజిటివ్’: అపోహలు - వాస్తవాలు

అపోహ: అడ్రినల్ (కిడ్నీ పైన ఉండే హార్మోన్ గ్రంథి) గడ్డ రిపోర్టులో రిసెప్టర్ (హార్మోన్ లాంటి సంకేతాలను అందుకునే ప్రొటీన్) పాజిటివ్ అని వస్తే క్యాన్సరే.

కాదు. పాథాలజిస్టుగా నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే భయం ఇదే, మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసేదీ ఇదే. గడ్డ ఏ కణాల నుంచి పుట్టిందో తేల్చడానికి మేం ఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్‌ను పట్టి చూపే స్టెయిన్ (రంగు పరీక్ష) వేస్తాం. ఆ ప్రొటీన్ న్యూక్లియర్ రిసెప్టర్ల కుటుంబానికి చెందినది. ఆరోగ్యంగా ఉన్న కార్టెక్స్‌లో (గ్రంథి బయటి పొరలో) ఉంటుంది, మామూలు అడినోమాలో (క్యాన్సర్ కాని గడ్డలో) ఉంటుంది, క్యాన్సర్‌లోనూ ఉంటుంది. స్లైడ్‌లో గడ్డ పక్కనే మంచి గ్రంథి అంచు కాస్త మిగిలి ఉంటే, అక్కడి న్యూక్లియస్‌లు కూడా గోధుమరంగులోనే కనిపిస్తాయి. మెడుల్లా (గ్రంథి లోపలి భాగం) ముక్క ఉంటే దానికి మాత్రం రంగు పట్టదు. గడ్డ కార్టెక్స్‌ది అని చెప్పడం వరకే ఆ పాజిటివ్ పని.

క్యాన్సరా కాదా అన్నది పెద్దవాళ్లలో సాధారణంగా వైస్ స్కోర్‌తో చూస్తాం. మైటోసిస్ (కణాలు విడిపోవడం), నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం), రక్తనాళాల్లోకి చొరబడటం లాంటి 9 లక్షణాల్లో 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే క్యాన్సర్ వైపు మొగ్గుతాం. రిపోర్టు చేతికి రాగానే ముందు ఆ లైను వెతకండి.

ఒకమ్మాయి వాళ్ల నాన్నగారి రిపోర్టు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. ‘మెలాన్-ఎ పాజిటివ్’ కింద ఎర్ర పెన్నుతో గీత. నెట్‌లో వెతికితే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని చూపించిందట, రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ స్టెయిన్ అడ్రినల్ కార్టెక్స్‌కూ పడుతుందని చెప్పి, కింద ఉన్న వైస్ స్కోర్ చూపించాను: సున్నా. “మరి ఇది పైనే రాయొచ్చు కదండీ?” అంది. ఆ అమ్మాయి అడిగింది సబబే.

రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల్లో ‘ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) పాజిటివ్’ అని వినీ వినీ జనానికి ఈ ముడి పడిపోయింది. అక్కడైనా అది ప్రధానంగా మందు ఎంచుకోవడానికే. క్యాన్సర్ అని తేలేది వేరే ఆధారాలతో.

అపోహ: అడ్రినల్ గడ్డ ఉన్నవాళ్లు తింటే కార్టిసాల్ (అడ్రినల్ తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్) పెరుగుతుంది.

ఆరోగ్యమైన గ్రంథిలో కార్టిసాల్‌ను నడిపేది ఏసీటీహెచ్ (మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్). చాలా అరుదుగా మాత్రమే అడ్రినల్ కణాల మీద పేగు హార్మోన్ జీఐపీకి రిసెప్టర్లు మొలిచి, తిన్నప్పుడల్లా కార్టిసాల్ పెరుగుతుంది. 1992లో వైద్య పత్రికల్లో వచ్చిన విషయమిది. దీన్ని పట్టుకుని అందరినీ పస్తులుండమని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. దయచేసి ఆపండి.

అపోహ: గాలియం డోటాటేట్ స్కాన్‌లో (సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ రిసెప్టర్లు ఎక్కడున్నాయో చూపే స్కాన్) అడ్రినల్ వెలిగితే అక్కడ గడ్డ ఉన్నట్టే.

మంచి గ్రంథి కూడా వెలుగుతుంది. సొమాటోస్టాటిన్ రిసెప్టర్లు అక్కడ సహజంగానే ఉంటాయి.

అపోహ: కార్టిసాల్ తయారుచేసే గడ్డ తీసేశారు కాబట్టి ఇక స్టెరాయిడ్ మాత్రలు మానేయొచ్చు.

సొంతంగా అస్సలు మానకండి. గడ్డ ఉన్నన్నాళ్లూ ఏసీటీహెచ్ అణగిపోయి, రెండోవైపు గ్రంథి పని తగ్గించేసి ఉంటుంది. అది కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా మాత్ర ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డోసు ఎప్పుడు, ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.