పుట్టగొడుగు కోసం మన కణాల్లో ఒక తలుపు

"ఉసిరి, దానిమ్మ, గ్రీన్ టీ సరే. పుట్టగొడుగుల్లోనూ యాంటీఆక్సిడెంట్లు ఉంటాయంటున్నారు, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. నిజమే. కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను (వీటిలో కొన్నిటిని రాడికల్స్ అంటారు) అడ్డుకునే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. కానీ అంతటితో ఊరుకుంటే అసలు విశేషం చెప్పనట్టే. యాంటీఆక్సిడెంట్లు లేని ఆకుకూర లేదు, పండు లేదు. పుట్టగొడుగులో ఉండే ఎర్గోథయోనీన్ మాత్రం ఆ గుంపులో కలవదు. దాన్ని లోపలికి తీసుకోవడానికి మన శరీరం ప్రత్యేకంగా ఒక తలుపు పెట్టుకుంది.

యాంటీఆక్సిడెంట్లను పరీక్షించడానికి వాడే డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం ఒకటుంది. అందులో ఏదో ఒక మొక్క రసం పోస్తే రంగు వెలిసి పసుపు పచ్చగా మారుతుంది. వెంటనే 'శక్తిమంతమైన యాంటీఆక్సిడెంట్' అని రాసేస్తారు. పరీక్షనాళికలో జరిగిందల్లా ఒంట్లో జరగాలని లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29,133 మందిపై ఒక పెద్ద ప్రయోగం చేశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్ బీటా కెరోటిన్‌ను మాత్రలుగా వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా కనిపించింది. అందుకే ఎవరైనా యాంటీఆక్సిడెంట్ అనగానే నేను మొదట చూసేది ఒకటే: అది కణం లోపలికి ఎలా వెళుతుంది, వెళ్ళాక ఎంతకాలం ఉంటుంది?

ఎర్గోథయోనీన్‌ను 1909లో ఫ్రెంచ్ ఫార్మసిస్టు షార్ల్ టాన్రే ఎర్గాట్ అనే శిలీంధ్రం నుంచి వేరుచేశారు. తర్వాత మన రక్తంలోనూ అది దొరికింది. జంతువులు, మొక్కలు దాన్ని తయారుచేసుకోలేవు. శిలీంధ్రాలు (పుట్టగొడుగులూ శిలీంధ్రాలే), కొన్ని రకాల బాక్టీరియా మాత్రమే చేస్తాయి. అంటే మన రక్తంలో ఉన్నదంతా తిండి ద్వారా వచ్చిందే. ఎందుకుందో మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

1997లో జపాన్ శాస్త్రవేత్తలు కణపొరలో ఓసీటీఎన్1 అనే రవాణా ప్రోటీన్‌ను గుర్తించారు. తలుపు దొరికింది కానీ, అది ఎవరికోసమో తెలియలేదు. కొవ్వును శక్తిగా మార్చడంలో తోడ్పడే కార్నిటిన్ లాంటివాటితో పరీక్షిస్తే అంతంతమాత్రంగానే తెరుచుకుంది. 2005లో జర్మనీలోని కొలోన్‌లో గ్రుండెమన్ బృందం అసలు అతిథిని పట్టుకుంది. ఎర్గోథయోనీన్ వస్తే ఈ తలుపు మిగతావాటితో పోలిస్తే వంద రెట్లకు పైగా సమర్థంగా పనిచేసింది.

ఈ తలుపు ఎక్కడెక్కడ ఉందో చూడండి. చిన్నపేగులో ఉంది, తిన్నదాన్ని లోపలికి తీసుకోవడానికి. మూత్రపిండంలోనూ ఉంది, వడపోతలో బయటికి పోబోయేదాన్ని మళ్ళీ రక్తంలోకి లాక్కోవడానికి. ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లో, ఎముక మజ్జలో, కంట్లో కూడా ఉంది. ఎక్కువైన విటమిన్ సి మూత్రంలో పోతుంది. ఎర్గోథయోనీన్ మాత్రం రోజులు, వారాల తరబడి ఒంట్లో నిలుస్తుంది. ఈ తలుపు జన్యువును తీసేసిన ఎలుకల ఒంట్లో ఎర్గోథయోనీన్ జాడే కనిపించలేదు. అవి పైకి మామూలుగానే బతికాయి కానీ, పేగుకు రక్తం కాసేపు ఆపి తిరిగి వదిలినప్పుడు వాటికి దెబ్బ ఎక్కువగా తగిలింది. దాన్నిబట్టి నాకనిపించేది, ఇది రోజువారీ తిండి కాదు, ఆపదకు దాచుకున్న సరుకు.

లోపలికొచ్చి అది చేసే పని దాని గంధకంలో ఉంది. మన కణాలు సొంతంగా తయారుచేసుకునే యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్‌లో గంధకం హైడ్రోజన్‌తో కలిసి 'ఎస్‌హెచ్' రూపంలో ఉంటుంది, అందుకే తేలిగ్గా ఆక్సీకరణమైపోతుంది. ఎర్గోథయోనీన్‌లో గంధకం కార్బన్‌తో జంటబంధంలో, థయోన్ రూపంలో ఉంటుంది. గాలి తగిలినంత మాత్రాన పాడవదు. హైడ్రాక్సిల్ రాడికల్, సింగ్లెట్ ఆక్సిజన్, హైపోక్లోరస్ ఆమ్లం లాంటి ప్రమాదకారులు ఎదురైనప్పుడు మాత్రం చర్య జరుపుతుంది. రాగి అయాన్లను కూడా పట్టుకుని, అవి కొత్త రాడికల్స్‌ను పుట్టించకుండా చేస్తుంది.

బడిలో శిలీంధ్రాలంటే బూజు, తామర, తుప్పు తెగులు అని రోగాల చిట్టాలాగే చెప్పేస్తాం. ఇలాంటి అద్భుతమైన రసాయనశాల కథ కూడా పిల్లలకు చెబితే ఎంత బాగుంటుంది!

అడవి పుట్టగొడుగుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వెండి వస్తువు వేసి వండితే నల్లబడకపోతే మంచిదే అనే నమ్మకం ప్రాణాలు తీస్తుంది. అమనిటా జాతి విషపు పుట్టగొడుగుల్లోని అమాటాక్సిన్ వెండిని నల్లబరచదు, ఉడికించినా చావదు. పైగా అదీ ఒక తలుపు గుండానే వస్తుంది. పిత్త ఆమ్లాలను కాలేయ కణాల్లోకి తెచ్చే ఓఏటీపీ1బీ3 అనే ప్రోటీన్ దాన్నీ లోపలికి తెచ్చేస్తుంది. లోపలికి వెళ్ళి, జన్యువుల సమాచారాన్ని నకలు తీసే ఆర్‌ఎన్ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైమ్‌ను ఆపేస్తే కొత్త ప్రోటీన్ల తయారీ నిలిచిపోతుంది. వాంతులు, విరేచనాలు తరచూ ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి. అప్పటికే విషం కాలేయానికి చేరి ఉంటుంది. తొలకరికి పుట్టల మీద మొలిచేవాటిని తరతరాలుగా ఎరిగినవాళ్ళు ఏరుకుంటారు, ఆ అనుభవం వేరు. సరిగ్గా తెలియనివాళ్ళు పెంచినవే కొనుక్కోవాలి.

మరి ఆరోగ్యం సంగతి? సింగపూర్‌లో 60 ఏళ్ళు దాటిన 663 మందిని గమనించిన అధ్యయనం 2019లో వెలువడింది. వారానికి రెండుసార్ల కంటే ఎక్కువగా పుట్టగొడుగులు తినేవాళ్ళలో జ్ఞాపకశక్తి, ఆలోచన కొంత మందగించే సమస్య దాదాపు సగమే కనిపించింది. ఇది గమనించి లెక్కవేసిన సంబంధం, మందు ఇచ్చి రుజువు చేసింది కాదు. పుట్టగొడుగులు తినేవాళ్ళ మిగతా అలవాట్లు కూడా మంచివై ఉండొచ్చు. కాబట్టి డబ్బాల్లో అమ్మే పొడులకు వేలు పోయమని నేను చెప్పను.

కూర కోసమైతే బటన్ కంటే ఆయిస్టర్, షిటాకే రకాల్లో ఎర్గోథయోనీన్ బాగా ఎక్కువ. ఆయిస్టర్ మన దగ్గర వరిగడ్డి మీదే పెరుగుతుంది, ఊళ్ళలో చిన్న గదుల్లో సంచులు వేలాడదీసి పెంచుతున్నారు. వేడికి ఈ పదార్థం పెద్దగా పాడవదు, కాబట్టి వేపుడైనా, ఇగురైనా ఫర్వాలేదు. నీళ్ళలో మాత్రం తేలిగ్గా కరిగిపోతుంది. ఉడికించి ఆ నీళ్ళు పారబోయకండి, పులుసులోనో, సూపులోనో కలిపేయండి.