ఆస్పత్రుల లెక్క తీసిన పిల్లల డాక్టరు

న్యూయార్క్ బడిపిల్లల గొంతుల మీద అమెరికన్ చైల్డ్ హెల్త్ అసోసియేషన్ చేసిన సర్వే ఒకటి 1934లో వెలువడింది. పదకొండేళ్ల పిల్లలు వెయ్యి మంది. అందులో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని స్కూలు డాక్టర్లు చూసి, 174 మందికి ఆపరేషన్ చేయాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని మరో డాక్టర్ల జట్టుకి చూపిస్తే, వాళ్లు 99 మందికి చేయాలన్నారు. ఆ వడపోతలోనూ మిగిలిన 116 మందిని మూడోసారి చూపిస్తే మరో 51 మంది తేలారు. ఎవరూ కత్తి పెట్టమనని పిల్లలు ఆఖరికి 65 మంది. నాలుగో జట్టు చూసి ఉంటే వాళ్లలోనూ సగానికి దగ్గరగా పోయేవారేమో! ప్రతి జట్టూ తన ముందుకొచ్చిన పిల్లల్లో దాదాపు 45 శాతం మందికి ఆపరేషన్ కావాలంది. గొంతులు మారాయి గానీ డాక్టరు అలవాటు మారలేదు.

నలభై ఏళ్ల తర్వాత జాన్ వెన్‌బర్గ్ అనే డాక్టరు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఇదే సంగతిని ఊళ్ల వారీగా లెక్కగట్టారు. 1973లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం, పక్కపక్క ప్రాంతాల్లో ఒకే రకం జనం ఉన్నా ఆపరేషన్ల రేటులో కొన్ని రెట్ల తేడా ఉంది. టాన్సిల్స్ విషయంలో మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఫలానా వైద్యం ఎక్కువైందనో తక్కువైందనో చెప్పాలంటే, ముందు ఆ చుట్టుపక్కల మొత్తం ఎంతమంది ఉన్నారో తెలియాలి. రోగి వచ్చినప్పుడు చూసి ఫీజు తీసుకుని పంపే డాక్టరుకి ఆ లెక్క తెలిసే వీలు లేదు.

ఆ వీలు మేనేజ్డ్ కేర్‌లో, అంటే సభ్యుల దగ్గర ముందే డబ్బు కట్టించుకుని వాళ్లందరి వైద్యం చూసే పద్ధతిలో, దొరికింది. డొనాల్డ్ బెర్విక్ అనే పిల్లల డాక్టరు కథ మొదలయ్యేది అక్కడే.

మేనేజ్డ్ కేర్ పునాది చాలా పాతది. 1933లో కాలిఫోర్నియా మొహావీ ఎడారిలో కాలువ తవ్వే కూలీల కోసం సిడ్నీ గార్ఫీల్డ్ అనే డాక్టరు చిన్న ఆస్పత్రి పెట్టారు. వచ్చిన కేసుకింత అని తీసుకుంటే గిట్టుబాటు కాలేదు. దాంతో మనిషికి రోజుకు 5 సెంట్లు ముందే కట్టించుకునే పద్ధతి పెట్టారు. డబ్బు ముందే చేతికి రావడంతో లాభం ఎటుందో తిరగబడింది. గాయాలు ఎన్ని తగ్గితే డాక్టరుకి అంత మిగులు. పని జరిగే చోట నేల మీద పడున్న మేకులు ఏరించడం, తలలకు టోపీలు పెట్టించడం ఆయన పనైపోయింది. తర్వాత కైజర్ సంస్థతో కలిసి ఆ పద్ధతి పెద్దదై, 1945లో సామాన్య జనానికీ తెరిచారు. 1970లో పాల్ ఎల్వుడ్ దానికి 'హెల్త్ మెయింటెనెన్స్ ఆర్గనైజేషన్' అని పేరు పెట్టారు. హెచ్ఎంఓ అన్నది దానికి పొట్టిపేరు. 1973 డిసెంబరులో నిక్సన్ సంతకంతో అది చట్టమైంది.

మనకిది పూర్తిగా పరాయి విషయమేమీ కాదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి ప్యాకేజీ రేటు, నెట్‌వర్క్ ఆస్పత్రి, ఆపరేషన్‌కు ముందు అనుమతి అన్నవి ఊళ్లలో మామూలు మాటలయ్యాయి. అయితే ఆరోగ్యశ్రీలో డబ్బు కేసు లెక్కన వెళ్తుంది, తల లెక్కన కాదు. అందుకే మేకులు ఏరించే అవసరం నెట్‌వర్క్ ఆస్పత్రికి రాదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఫిర్యాదులు ఆ పథకం తొలి ఏళ్లలోనే వచ్చాయి. వెర్మాంట్ టాన్సిల్స్ సంగతికీ దీనికీ పెద్ద దూరం లేదు.

బెర్విక్ 1946లో పుట్టారు. కనెటికట్ రాష్ట్రంలో మూడస్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. తండ్రి ఆ ఊరి డాక్టరు. హార్వర్డ్‌లో వైద్యంతో పాటు ప్రభుత్వ విధానాల చదువూ చదివి, 1972లో రెండు డిగ్రీలతో బయటికొచ్చారు. హార్వర్డ్ వైద్య కళాశాల డీన్ రాబర్ట్ ఎబర్ట్ 1969లో బోస్టన్‌లో నెలకొల్పిన హార్వర్డ్ కమ్యూనిటీ హెల్త్ ప్లాన్‌లో పిల్లల డాక్టరుగా చేరారు. డాక్టర్లకు జీతాలు, సభ్యులకు నెలవారీ చందా. కొన్నాళ్లకు అక్కడే వైద్యం నాణ్యతను కొలిచే విభాగానికి వైస్ ప్రెసిడెంట్ అయ్యారు.

ఈ ఉద్యోగం ఆయనకు మొదట నచ్చి, తర్వాత ఇబ్బంది పెట్టింది. కొలవడం వచ్చింది. ఏ డాక్టరు రోగుల్ని ఎంతసేపు వేచి ఉండేలా చేస్తున్నారు, ఎవరి రోగులకు పరీక్ష రిపోర్టులు అందడం లేదు, అన్నీ కాగితం మీదికొచ్చాయి. ఆ కాగితం చూసి డాక్టర్లు బాగుపడలేదు. కాగితం తప్పని వాదించారు, లేదా తమ రోగులే వేరన్నారు. మనిషిని పట్టుకోవడానికి తీసిన లెక్కను ఏ మనిషీ నిజాయతీగా నింపడు.

దారి కోసం ఆయన వైద్యం బయటికి చూశారు. టెలిఫోన్ పరిశోధనలకు పేరున్న బెల్ ల్యాబ్స్‌కి వెళ్లారు, నాసా వాళ్లతో మాట్లాడారు. జపాన్ ఫ్యాక్టరీలకు నాణ్యత నేర్పిన ఎడ్వర్డ్స్ డెమింగ్ సెమినార్‌లో కూర్చున్నారు. ఫ్యాక్టరీ మాటలు రోగులకేం పనికొస్తాయని విసుగొచ్చి మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయి, మనసు ఊరుకోక మళ్లీ తిరిగొచ్చారు. 1987లో పరిశ్రమల నాణ్యత నిపుణుడు బ్లాంటన్ గాడ్‌ఫ్రేతో కలిసి 21 వైద్య సంస్థలకు ఒక్కొక్క పరిశ్రమ నిపుణుణ్ని జతచేసి, ఫ్యాక్టరీ పద్ధతులు ఆస్పత్రిలో పనిచేస్తాయేమో చూసే ప్రయోగం మొదలుపెట్టారు. దాన్నుంచే 1991లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్ అనే ఆయన సంస్థ పుట్టింది.

ఈ మధ్యలో, 1989 జనవరిలో, 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఉంది. నా దృష్టిలో ఆయన రాసిన వాటన్నిట్లోకీ ముఖ్యమైనది అదే. అందులో ఇద్దరు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు. ఒకడు తప్పు చేసిన కూలీని పట్టి పంపించేస్తానంటాడు. రెండోవాడు పని ఎక్కడ అడ్డం పడుతోందో చెప్పండి, కలిసి సరిచేద్దాం అంటాడు. మొదటివాడి దగ్గర కూలీలు తప్పును దాచడం నేర్చుకుంటారు. వైద్యంలో నాణ్యత పేరుతో జరుగుతున్నదంతా మొదటివాడి పద్ధతే అన్నది ఆయన ఫిర్యాదు. కుళ్లిన కాయల్ని ఏరేస్తే బుట్ట బాగుంటుందన్న ఆ నమ్మకాన్ని ఆయన ఒప్పుకోలేదు.

అదే కాలంలో మేనేజ్డ్ కేర్ పరువు పోయింది. ఖర్చు తగ్గించే పోటీలో కొన్ని బీమా సంస్థలు కాన్పు అయిన తల్లీబిడ్డల్ని 24 గంటల్లోనే ఇంటికి పంపేలా చేశాయి. పుట్టిన పిల్లల్లో కామెర్లు ముదిరేది తరచూ మొదటి రోజు దాటాకే అని పిల్లల డాక్టర్లందరికీ తెలుసు. జనం తిరగబడ్డారు. 1996లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. మామూలు కాన్పుకి 48 గంటలు, సిజేరియన్‌కి 96 గంటలు బీమా వర్తించాల్సిందే. గార్ఫీల్డ్ చేత మేకులు ఏరించిన ముందస్తు చెల్లింపే ఇక్కడ తల్లిని తొందరగా పంపించేసింది. మొత్తం జనం లెక్క చేతిలో ఉన్నంత మాత్రాన దాన్ని జనం కోసమే వాడతారన్న భరోసా లేదని అమెరికాకి అప్పుడు తెలిసొచ్చింది.

1999 బెర్విక్ జీవితంలో రెండు రకాలుగా గుర్తుండే ఏడాది. ఆస్పత్రి తప్పుల వల్ల అమెరికాలో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నవంబరులో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీలో ఆయన సభ్యుడు. అదే ఏడాది ఆయన భార్య తీవ్రంగా జబ్బుపడి, పేరున్న ఆస్పత్రుల్లో వారాల తరబడి ఉన్నారు. డిసెంబరులో ఒక సభలో ఆయన ఆ సంగతి చెప్పారు. వెంటనే ఇవ్వాలన్న మందు పడటానికి 60 గంటలు పట్టింది. పొద్దున ఇవ్వకూడదన్న రకం మందే సాయంత్రంలోగా ఇచ్చారు. ఆ డాక్టర్లు, నర్సులు మంచివాళ్లేనని కూడా ఆయన అక్కడే చెప్పారు.

2004 డిసెంబరు 14న తన సంస్థ తరఫున, ఆస్పత్రుల్లో లక్ష ప్రాణాలు కాపాడాలన్న ఉద్యమం ప్రకటించారు. గడువు 2006 జూన్ 14, ఉదయం 9 గంటలు. 'కొన్ని' అన్నది అంకె కాదు, 'త్వరలో' అన్నది సమయం కాదు అన్నది నినాదం. రోగి పరిస్థితి దిగజారుతుంటే పిలవగానే పరుగెత్తే బృందం, పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టాల నుంచి ఇన్‌ఫెక్షన్ రాకుండా జాగ్రత్తలు, వెంటిలేటర్ మీదున్నవాళ్లకు న్యుమోనియా రాకుండా చూడటం వంటివి ఆరు పనులు. దాదాపు 3,100 ఆస్పత్రులు చేరాయి. గడువు నాటికి 1,22,300 ప్రాణాలు నిలిచాయని ప్రకటించారు. ఆ అంకె మీద రాబర్ట్ వాక్టర్, పీటర్ ప్రొనొవోస్ట్ అనే ఇద్దరు డాక్టర్లు గట్టిగానే ప్రశ్నలు వేశారు. ఆస్పత్రులు తామే పంపిన లెక్కలు, అప్పటికే తగ్గుతున్న మరణాలు, అంచనా మీద అంచనా. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే అనిపిస్తుంది. ఆరు పనులు మంచివే, అంకె మాత్రం అంత గట్టిది కాదు.

2010 జులైలో ఒబామా ఆయనకు మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ బీమా), మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ బీమా) నడిపే సంస్థ పగ్గాలిచ్చారు. సుమారు 10 కోట్ల మందికి వైద్యం ఖర్చు భరించే సంస్థ అది. సెనేట్ సెలవుల్లో ఉండగా, దాని ఆమోదం లేకుండా తాత్కాలికంగా జరిగిన నియామకం. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవను మెచ్చుకుంటూ గతంలో ఆయనన్న మాటలు పట్టుకుని, వైద్యానికి రేషన్ పెట్టే మనిషి అని రిపబ్లికన్లు ముద్ర వేశారు. సెనేట్ ఆమోదం రాదని తేలిపోయి 2011 డిసెంబరు మొదట్లో దిగిపోయారు. 2014లో మసాచుసెట్స్ గవర్నర్ పదవికి డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో నిలబడి మూడో స్థానంలో ఆగిపోయారు.

ఇంగ్లండ్ మాత్రం ఆయన్ను పిలిచింది. స్టాఫర్డ్ ఆస్పత్రిలో ఏళ్ల తరబడి రోగుల్ని పట్టించుకోని తీరు బయటపడ్డాక, 2013 ఆగస్టులో ఆయన బృందం నివేదిక ఇచ్చింది. ఎక్కువ సందర్భాల్లో తప్పు సిబ్బందిది కాదని, అంకెల లక్ష్యాలను జాగ్రత్తగా వాడాలని అందులో ఉంది. కావాలని నిర్లక్ష్యం చేసినవాళ్లకు మాత్రం క్రిమినల్ శిక్ష ఉండాలన్నారు. 1989 నాటి రెండో సూపర్‌వైజరు అంత దూరం వెళ్లి ఉండేవాడు కాదు.

అన్నిటికన్నా ఆశ్చర్యం 2016లో. అమెరికా వైద్య సంఘం పత్రిక 'జామా'లో రాస్తూ, ఆస్పత్రుల మీద తప్పనిసరి చేసిన కొలతల్ని మూడేళ్లలో సగానికి, ఆరేళ్లలో నాలుగో వంతుకి తగ్గించాలని కోరారు. వృత్తి మొదట్లో జీతం తీసుకున్నది ఆ కొలతల కోసమే. 2023 జనవరిలో అదే పత్రికలో రాసిన వ్యాసంలో కొలతల ఊసు పెద్దగా లేదు. అమెరికా వైద్యంలో లాభాపేక్ష అదుపు తప్పిందని, బీమా కంపెనీలు, మందుల కంపెనీలు, ఆస్పత్రులు ఎవరూ దానికి అతీతులు కారని రాశారు.