"కేబినెట్ ఓకే చేసింది కదా, ఇంకేంటి ఆలస్యం?" - మంత్రివర్గం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

మంత్రివర్గ సమావేశం జరిగిన సాయంత్రం టీవీల్లో స్క్రోలింగ్ మొదలవుతుంది. మర్నాడు పొద్దున్నుంచి సచివాలయంలో సెక్షన్లకు ఫోన్లు. "జీవో వచ్చిందా?" "మా మండలం అందులో ఉందా?" "ఎప్పటి నుంచి అమలు?" కేబినెట్ నోట్లు (మంత్రివర్గం ముందు పెట్టే ప్రతిపాదనలు) తయారయ్యే సెక్షన్లలో చాలాకాలం పనిచేసినవాడిగా, ఈ ప్రశ్నల వెనకున్న అపోహలు కొన్నిటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంత్రివర్గం ఆమోదిస్తే అది అమల్లోకి వచ్చినట్టే.

అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. మంత్రివర్గం చేసేది తీర్మానం. దానికి ముందు చాలా తతంగం ఉంటుంది. సంబంధిత శాఖ కేబినెట్ నోట్ రాస్తుంది. డబ్బుతో పనైతే ఆర్థిక శాఖ, చట్టంతో పనైతే న్యాయశాఖ అభిప్రాయం చెప్పాలి. ఆ శాఖ మంత్రి చూస్తారు, సీఎం అనుమతిస్తే ఎజెండాలోకి వస్తుంది. చివరి నిమిషంలో చేరే అంశాన్ని 'టేబుల్ ఐటమ్' అంటాం. సెక్షన్ వాళ్లకు అసలు టెన్షన్ దానితోనే.

ఇక సమావేశం అయ్యాక మంత్రివర్గానికి కార్యదర్శి హోదాలో ప్రధాన కార్యదర్శి నిర్ణయాలను నమోదు చేయిస్తారు, అవి తిరిగి శాఖకు చేరతాయి, అప్పుడు శాఖ జీవో ఇస్తుంది. చట్టం మార్చాల్సి ఉంటే జీవోతో పని జరగదు, బిల్లో ఆర్డినెన్సో కావాలి. డబ్బు ఖర్చయ్యేదైతే జీవో వచ్చాక కూడా ఆర్థిక శాఖ నుంచి బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి. కొత్త పోస్టులు 'మంజూరు' అని పేపర్లో చదివి కోచింగ్‌లో చేరే పిల్లలకు నేను చెప్పేదొకటే: ఆర్థిక శాఖ జీవో, ఆపైన నోటిఫికేషన్, ఈ రెండూ చూసేదాకా ఫీజు కట్టకండి.

ఈమధ్య ఉదాహరణే చూడండి. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ కోసం ఆర్డినెన్స్ తేవాలని తెలంగాణ మంత్రివర్గం 2025 జూలై 10న నిర్ణయించింది. దాని మీద గవర్నర్ సంతకం పడలేదు. సెప్టెంబరు 26న ప్రభుత్వం అదే రిజర్వేషన్ కోసం జీవో 9 ఇచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దాన్ని నిలిపేసింది. విధానం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మంత్రివర్గ నిర్ణయం తర్వాత ఇంకెన్ని గడపలు దాటాలో చూడమనే ఇది చెప్పాను.

అపోహ: మంత్రిగారు ఫైలు మీద రాశారంటే అదే ఆర్డరు.

కాదు. ఏ జీవో అయినా తీసి కింద చూడండి. మంత్రి సంతకం ఉండదు. "గవర్నర్ ఉత్తర్వుల మేరకు, వారి పేరున" అని ఉండి, శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. రాజ్యాంగంలోని 166వ అధికరణ ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరునే వెలువడాలి.

దీని మీద మా తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కేసు బచిత్తర్ సింగ్‌ది. పెప్సూ (పాటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాలు కలిసిన అప్పటి రాష్ట్రం)లో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆరోపణల మీద డిస్మిస్ చేశారు. ఆయన అప్పీలు చేసుకుంటే, అక్కడి రెవెన్యూ మంత్రి జాలిపడి, శరణార్థిగా వచ్చినవాడు, పెద్ద సంసారం, తీసేయడం మరీ కఠినం, పాత పోస్టుకు దించితే చాలు అని ఫైలు మీద రాశారు. ఆ మాట నోటిమాటగా ఉద్యోగికీ చెప్పారు. అంతలో 1956 నవంబరు 1న పెప్సూ పంజాబ్‌లో కలిసిపోయింది. ఫైలు పంజాబ్ ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లింది, ఆయన డిస్మిసలే సరైందన్నారు. మంత్రి ఆర్డరు ఇచ్చాక ఎలా మారుస్తారని బచిత్తర్ సింగ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1962లో అయిదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది: మంత్రి ఫైలు మీద రాసుకున్నది ఉత్తర్వు కాదు, అది గవర్నర్ పేరున ఉత్తర్వుగా మారి సంబంధిత వ్యక్తికి అందాలి, అప్పటిదాకా ప్రభుత్వం మనసు మార్చుకోవచ్చు.

మంత్రిగారి సిఫారసు లేఖ జిరాక్సులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బచిత్తర్ సింగే గుర్తొస్తాడు.

అపోహ: సీఎం ఎంతమందినైనా మంత్రులుగా తీసుకోవచ్చు.

2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణతో అది పోయింది. శాసనసభ సభ్యుల్లో 15 శాతానికి మించకూడదు, 12కి తగ్గకూడదు. ఈ లెక్కలో సీఎం కూడా ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు కాబట్టి 26. తెలంగాణలో 119కి 17.85 వస్తుంది, దాన్ని 18గా లెక్కిస్తున్నారు. పై హద్దును అందరూ జాగ్రత్తగా పాటిస్తారు, కింది హద్దును అంత పట్టించుకోరు. 2018 డిసెంబరు 13న కేసీఆర్, మహమూద్ అలీ ఇద్దరే ప్రమాణం చేశారు. 2019 ఫిబ్రవరి 19న పదిమంది చేరాకే సంఖ్య సరిగ్గా 12 అయింది. అప్పటిదాకా రెండు నెలలకు పైగా తెలంగాణ మంత్రివర్గం అంటే ఆ ఇద్దరే.

అపోహ: ఉప ముఖ్యమంత్రి అంటే సీఎం తర్వాత రాజ్యాంగ పదవి.

రాజ్యాంగంలో ఆ మాటే లేదు. చట్టం దృష్టిలో ఆయనా ఒక మంత్రే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి అయిదుగురు ఉన్నారు.

అపోహ: ఎమ్మెల్యేనో ఎమ్మెల్సీనో కాకపోతే మంత్రి కాలేరు.

కావచ్చు, కానీ ఆరు నెలలే. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును 2018 సెప్టెంబరులో మావోయిస్టులు చంపేశాక, ఆయన కొడుకు శ్రవణ్ కుమార్‌ను నవంబరు 11న మంత్రిని చేశారు. ఏ సభలోనూ సభ్యుడు కాదు. 2019 ఏప్రిల్ 11న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ అయింది, లెక్కింపు మే 23న. మధ్యలో ఆరు నెలల గడువు ముగిసిపోవడంతో, ఫలితం తెలియకముందే మే 9న రాజీనామా చేయాల్సి వచ్చింది. రాజీనామా చేసి మర్నాడు మళ్లీ ప్రమాణం చేస్తే సరిపోదా అని అడుగుతారు కొందరు. పంజాబ్‌లో అదే చేశారు, 2001లో సుప్రీంకోర్టు కుదరదంది.

అపోహ: నియమించేది గవర్నరే కాబట్టి, తీసేసేది కూడా గవర్నరే.

సంతకం గవర్నర్‌ది, నిర్ణయం సీఎంది. ఎన్టీఆర్ 1989లో మంత్రులందరినీ ఒక్కసారిగా ఇంటికి పంపారు. 2021 మే 1న ఈటల రాజేందర్ చేతిలోని వైద్యారోగ్య శాఖ సీఎం దగ్గరికి వెళ్లింది, ఒక రోజు శాఖలేని మంత్రిగా ఉండి మర్నాడు బర్తరఫ్ అయ్యారు. ఇక తమిళనాడు గవర్నర్ 2023 జూన్ 29న మంత్రి సెంథిల్ బాలాజీని సొంతంగా తొలగించి, ఆ రాత్రే ఆ ఉత్తర్వును పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది.

అపోహ: కేబినెట్ కాగితాలు ఎప్పటికీ రహస్యం.

నిర్ణయం జరిగి, ఆ విషయం పూర్తయ్యేదాకానే. ఆ తర్వాత నిర్ణయం, దానికి కారణాలు, ఆధారపడ్డ కాగితాలు బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఐ) చెబుతోంది. మిగతా మినహాయింపులు వర్తిస్తే తప్ప ఇవ్వాల్సిందే. దరఖాస్తు సాధారణ పరిపాలన శాఖకు పెడితే అక్కడినుంచి బదిలీ అయ్యేసరికి రోజులు గడిచిపోతాయి. ఆ నిర్ణయం ఏ శాఖదో ఆ శాఖ పౌర సమాచార అధికారికే పెట్టండి. జీవో నంబరు, తేదీ తప్పకుండా రాయండి.