టేకు మొలక, కార్చిచ్చు

ఫిబ్రవరి వచ్చిందంటే ములుగు, ఏటూరునాగారం, పాకాల అడవుల్లో టేకు, నల్లమద్ది, తునికి ఆకు రాలుస్తుంటాయి. ఇక వానలు పడేదాకా ఆ ఎండుటాకు మీద చిన్న నిప్పు పడ్డా అంటుకుంటుంది. టీవీలో చూసే అమెరికా పైన్ అడవుల మంటలా ఇది చెట్ల తలలకు ఎక్కడం అరుదు. ఆకునూ బోదగడ్డినీ కాల్చుకుంటూ నేల మీదే పాకిపోతుంది.

ఎదిగిన టేకు దీన్ని తట్టుకుంటుంది. మందపాటి బెరడు లోపలి జీవకణాల పొరకు వేడి తగలనివ్వదు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది మొలక సంగతి. మంటకు కాండం మాడిపోయినా వేరు బతికే ఉంటుంది, తొలకరికి మళ్లీ చిగురేస్తుంది. మరుసటి వేసవిలో మళ్లీ కాలొచ్చు. ఇలా ఏళ్లు గడుస్తున్నా నేలలో వేరు లావవుతూ పిండి పదార్థం దాచుకుంటుంది. ఏదో ఒక ఏడు మంట రాకపోతే, ఆ కూడబెట్టిన బలంతో కాండం మంటకు అందనంత ఎత్తుకు లేస్తుంది. అందుకే అడవిలో జానెడు మొక్కను చూసి దాని వయసు చెప్పలేం. తునికి కూడా అంతే. పైన కాలితే వేర్ల నుంచి పిలకలు గుంపుగా వస్తాయి.

బూడిదతో పొటాషియం, కాల్షియం నేలకు చేరతాయి. ఆకులోని నైట్రోజన్ మాత్రం చాలావరకు గాలిలో కలిసిపోతుంది.

మన దగ్గర పిడుగుతో అడవి అంటుకోవడం అరుదు, దాని వెంటే వాన కూడా వస్తుంది కదా. నిప్పు ఎక్కువగా మనిషి పెట్టేదే. రాలిన ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాలుస్తారు, బీడీలు చుట్టే తునికాకు లేతగా రావాలని పొదలు కాలుస్తారు. పొట్టకూటి పని అది, కేసులు పెట్టినంత మాత్రాన ఆగదు. అసలు చిక్కు ఒకే చోట ఏటా కాలడంతో వస్తుంది. అక్కడ మొలకకు ఎదిగే వ్యవధి దొరకదు. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి అడవి బాగానే ఉందనుకుంటాం, కానీ వాటి తర్వాతి తరం ఉండదు. నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లూ పోతాయి.

వేసవికి ముందే అటవీ సిబ్బంది ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఆకూ గడ్డీ తీసేసిన ఖాళీ పట్టీలు, తీస్తారు. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారం పంపుతుంది. దాన్ని ఏడాదికేడాది పోల్చి చూస్తే ఏ ముక్క పదేపదే కాలుతోందో తెలుస్తుంది. ఇప్పచెట్ల కింద పరిచే వలలు ముందు ఆ ముక్కల పక్కనున్న ఊళ్లకే ఇవ్వాలి. పువ్వు వలలో రాలితే ఆకు కాల్చే పని ఉండదు.