హారర్ సినిమా వ్యాసాల చర్చ: అపోహలు - వాస్తవాలు

వికీపీడియాలో సినిమా వ్యాసాలు రాసే మేము ఒక్క వాక్యం కోసం చర్చాపేజీలో (ప్రతి వ్యాసానికీ పక్కనే ఉండే, రాసేవాళ్లు మాట్లాడుకునే పేజీలో) రోజుల తరబడి వాదించుకుంటామంటే చాలామందికి ఆశ్చర్యం. ‘ఏ సినిమా ఎక్కువ భయపెడుతుందనా?’ అని అడుగుతారు. మా భయాలతో అక్కడ పని లేదు. రాసినదానికి మూలం, అంటే ఆధారంగా చూపే ప్రచురణ ఉందా, అందులో ఏముంది అన్నదే మా చర్చ.

అపోహ: దెయ్యం ఉంటే హారర్, లేకపోతే కాదు.

మేము అన్నింటికంటే ఎక్కువగా తలపడేది దీని మీదే. ఫాజిల్ 1993లో తీసిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ను తీసుకోండి. 2005 నాటి ‘చంద్రముఖి’కి మూలం అదే కాబట్టి కథ మనకు కొత్త కాదు. తాళం వేసిన గది, రాత్రిపూట గజ్జెల చప్పుడు, పగతో రగిలే నర్తకి. చివరికి తేలేది మానసిక వ్యాధి. మరి ఇది హారరా, సైకలాజికల్ థ్రిల్లరా? ‘చూస్తూ వణికిపోయాను’ అని ఒకరు, ‘అసలు దెయ్యమే లేదు కదా’ అని మరొకరు అంటారు. రెండూ మౌలిక పరిశోధన (ప్రచురితమైన ఆధారం లేని సొంత అభిప్రాయం) కిందికే వస్తాయి, వ్యాసంలోకి రావు. విమర్శకులు, సినిమా చరిత్రకారులు ఎక్కువగా ఏమన్నారో తొలి వాక్యంలో అదే రాస్తాం. వాళ్లలోనే భేదం ఉంటే ఆ భేదాన్ని ఉన్నదున్నట్టు పాఠకుడి ముందు పెడతాం. నాకు బాగా నచ్చే వ్యాసాలు అలాంటివే.

అపోహ: ఎక్కువ ఓట్లు వచ్చిన మాటే నెగ్గుతుంది.

కాదు. ‘నాదీ అదే అభిప్రాయం’ అన్న పది సంతకాల కంటే పత్రికలో వచ్చిన ఒక్క మంచి సమీక్ష బరువైనది.

అపోహ: ముగింపు రాయకూడదు.

కొత్త వాడుకరులు చివరి పేరాను తొలగించి, ఆసక్తి పోతుందని దిద్దుబాటు సారాంశంలో (మార్పు ఎందుకు చేశారో చెప్పే చిన్న గమనికలో) రాస్తుంటారు. ఉద్దేశం మంచిదే. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకప్పుడు కథకు ముందు హెచ్చరిక పెట్టేవారు. 2007లో విస్తృతంగా చర్చించి దాన్ని మానేశారు. ముగింపు తెలియకుండా సినిమా విశ్లేషణ అర్థం కాదు. కథ మాత్రం పొడవు పెరగకూడదు: అక్కడి మార్గదర్శకం ప్రకారం 400 నుంచి 700 పదాలు.

అపోహ: ‘నిజంగా జరిగిన కథ’ అని పోస్టరు మీద ఉంటే అలాగే రాయవచ్చు.

ఇక్కడ నేను అస్సలు తగ్గను. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’కు నటులు తప్పిపోయినట్టు ప్రచారం చేశారు. అందులోని మంత్రగత్తె కథంతా దర్శకులు అల్లినదే. అయినా ఆ కథ జరిగినట్టు చూపిన మేరీలాండ్‌లోని బర్కిట్స్‌విల్ అనే చిన్న ఊరికి అభిమానులు వచ్చిపడ్డారు, ఊరి పేరున్న బోర్డులు ఎత్తుకుపోయారు. ఒక ఊరికి దెయ్యాన్ని అంటగట్టే వాక్యం రాసేటప్పుడు అక్కడ నివసించే మనుషులు గుర్తుండాలి. అందుకే ‘నిజ సంఘటన’ అని రాయం, ‘నిర్మాతలు ఇలా ప్రచారం చేశారు’ అని రాస్తాం.

అపోహ: తెలుగు హారర్ గురించి అంతా ఇంటర్నెట్‌లోనే దొరుకుతుంది.

2009 నాటి ‘అరుంధతి’కి దొరికినన్ని సమీక్షలు 1992 నాటి ‘రాత్రి’కి దొరకవు. అప్పటి సమీక్షలు అచ్చుపత్రికల్లో ఉండిపోయాయి. మీ ఇంట్లో పాత సినిమా పత్రికలుంటే సమీక్ష ఉన్న సంచిక తేదీ, పేజీ సంఖ్య, సమీక్షకుడి పేరు చర్చాపేజీలో రాయండి. వ్యాసంలోకి ఎక్కించే పని మేము చూసుకుంటాం.