ఎముకల స్కాన్‌లో జాతి గడి ఏం చేస్తోంది?

ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలకీ, తలసీమియా ఉన్నవాళ్లకీ, చిన్న దెబ్బకే ఎముక విరుగుతున్నవాళ్లకీ డాక్టర్లు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాస్తుంటారు. ఆ చీటీతో విశాఖలో స్కాన్ సెంటరుకు వెళ్తే, బల్ల మీద పడుకోబెట్టే ముందే పిల్లాడి వయసు, ఆడా మగా, ఎత్తు, బరువు కంప్యూటర్లో కొడతారు. చాలా మెషీన్లలో ఇంకో గడి కూడా ఉంటుంది. అది జాతి. వైట్, బ్లాక్, ఏషియన్... ఇలా. అరకు పిల్లకీ జపాన్ పిల్లకీ ఒకటే గడి!

ఆ గడికి కొలతతో పని లేదు. మెషీన్ రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్ కిరణాలను ఒంట్లోంచి పంపుతుంది. ఎముక ఒకలా, కండ ఒకలా వాటిని అడ్డుకుంటాయి కాబట్టి ఖనిజం ఎన్ని గ్రాములుందో తేలుతుంది. దాన్ని ఎముక నీడ వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. గడి పని ఆ తర్వాతే మొదలవుతుంది: ఈ అంకెను ఏ పిల్లల సగటుతో పోల్చాలి? ఆ పోలికలో తేలేది జెడ్ స్కోరు, అంటే సగటుకు ఎంత ఎగువనో ఎంత దిగువనో చెప్పే అంకె. అది -2 గానీ అంతకు దిగువన గానీ ఉంటే వయసుకు తగ్గ సాంద్రత లేదంటారు. గడి మారిస్తే స్కోరు మారిపోతుంది, ఎముక మాత్రం అదే.

అమెరికాలో 5 కేంద్రాల్లో 2 వేలమందికి పైగా పిల్లల్ని కొలిచి 2011లో ప్రచురించిన పట్టికల్లో నల్లజాతి పిల్లలకు ఒక సగటు గీత, మిగతా అందరికీ ఇంకో గీత. అక్కడ నల్లజాతి పిల్లల సాంద్రత సగటున ఎక్కువే. అయితే సగటు గుంపుది, స్కాన్ ఒక్క పిల్లది. తల్లి ఒక జాతి, తండ్రి ఒక జాతి అయితే ఏ గీత? కిడ్నీ పనితీరు లెక్కలోంచి జాతిని 2021లో అమెరికా వైద్యులు తీసేశారు. ఊపిరితిత్తుల పరీక్షలోనూ 2023లో అదే దారి పట్టారు.

నన్నడిగితే మన పిల్లల విషయంలో జాతికన్నా ముందు చూడాల్సింది ఎత్తు. అనకాపల్లి బెల్లాన్ని 10 సెంటీమీటర్ల ఘనంగా కోస్తే కిలో తూగిందనుకుందాం. 20 సెంటీమీటర్ల దిమ్మ 8 కిలోలు తూగుతుంది. కానీ దాని నీడ పెరిగేది 4 రెట్లే. అంటే డెక్సా లెక్కన పెద్ద దిమ్మ సాంద్రత రెట్టింపు! రెండూ ఒకే బెల్లం. పొట్టి పిల్లల ఎముకలు స్కాన్‌లో ఉన్నదానికన్నా పల్చగా కనబడేది ఇందుకే. ఎత్తును లెక్కలోకి తీసుకుని స్కోరును సరిచేసే పద్ధతులున్నాయి.

మరి మన పట్టికలే వాడుకోవచ్చుగా? పుణె పరిశోధకులు 5 నుంచి 17 ఏళ్ల ఆరోగ్యవంతులైన పిల్లల్ని కొలిచి 2011లోనే ఇచ్చారు. మంచిదే, అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. సముద్రం ఒడ్డున ఇంత ఎండ కాసే దేశంలోనూ డి విటమిన్ లోపం మామూలైపోయింది. కాల్షియం ఉండే చోడి (రాగి) అంబలి పోయి కంచంలో పాలిష్ బియ్యం మిగిలింది. లోపం ఉన్నవాళ్ల సగటే కొలబద్ద అయితే ఆ లోపమే సహజమైపోతుంది.

పైగా సాంద్రత ఒక్కటే జబ్బును తేల్చదు. నల్గొండ ఫ్లోరోసిస్ రోగుల ఎముకలు స్కాన్‌లో దిట్టంగా కనిపించినా పెళుసుగానే ఉంటాయి. పిల్లల్లో స్కోరు తక్కువున్నంత మాత్రాన ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అనరు, ఎముకలు విరిగిన చరిత్ర కూడా ఉండాలి. పెద్ద దెబ్బేమీ లేకుండా వెన్నుపూస నలిగిపోతే మాత్రం ఆ జబ్బని చెప్పడానికి స్కోరుతో పనే లేదు.

రిపోర్టు తీసుకునేటప్పుడు ఏ పిల్లలతో పోల్చారో, ఎత్తు లెక్కలోకి తీసుకున్నారో లేదో అడగండి. మళ్లీ స్కాన్ తీయించాల్సి వస్తే అదే మెషీన్, అదే గడి ఉండేలా చూసుకోండి. లేదంటే మారింది ఎముకో గడో డాక్టరుకీ అంతుపట్టదు.